తిరగేసిన జంపఖానా

గంప పార్టీ నాయకుడు రాజేశ్వర్ రావు జీపు కొత్తవాడ మలుపు తిరగకముందే మొగిలమ్మ కబురు మోసుకొని వాడంతా తిరిగొచ్చింది. ఆమెకు చెప్పింది నల్లా దగ్గర సమ్మమ్మ. సమ్మమ్మకు చెప్పింది గంప పార్టీ ఆఫీసులో ఛాయ్ పోసే ఆమె మరిది.

"గంప పార్టోల్లే కరెంటు మగ్గాల షెడ్డు వెడ్తాండ్రట. మన బుచ్చిరాములు దానికి చైర్మనట. హాస్టళ్ల జంపఖానల ఆర్డరంత ఇగ ఆ షెడ్డుకేనట. అబద్ధమైతే సమ్మమ్మ నోట్లె మన్ను, నాదేం లేదమ్మా" అని మొగిలమ్మ, యాదవ్వ ఇంటి గడపలో నిలబడే చెప్పి, పక్కింటికి పోయింది.

యాదవ్వకు నవ్వు రాలేదు. ఇంట్లో ఉన్నది ఒక్కటే మగ్గం. మగ్గం గుంతలో కూర్చొని ఆమె మొగుడు పర్శరాములు నేసేది ఆ హాస్టళ్ల జంపఖానాలే. సొసైటీ నూలు ఇచ్చేది ఆ ఆర్డరు చూసే. అది పోతే మగ్గం పీకి పొయ్యిలో పెట్టుకోవాలి, లేదా షోలాపూరు మిల్లుల్లో కూలికి బండెక్కాలి.

గంప పార్టీ మాట మార్చడం వాడకు కొత్తేమీ కాదు. వేరే రాష్ట్రం రాకుంటే మెడలు కోసుకుంటామన్నారు ఒకప్పుడు. రాష్ట్రం రాలేదు, మెడలు అట్లాగే ఉన్నాయి, వాటి మీదికి పూలదండలు కూడా వచ్చాయి. తర్వాత ఆ మాట రాసిన గోడల మీదే సున్నం కొట్టించి "కలిసుంటేనే బలం" అని రాయించారు. సారా దుకాణాలు మూయాలని ఆడవాళ్లను ఎండలో నడిపించిన రాజేశ్వర్ రావే, మరుసటేడు బామ్మర్దికి సారా కాంట్రాక్టు ఇప్పించి, "మంచోని చేతిల ఉంటే కల్తీ ఉండది" అన్నాడు. ఎప్పటి మాట అప్పుడు కొత్తవాడలో పంచేది బుచ్చిరాములు. అతనూ నేతగాడి కొడుకే. మగ్గం దిగి ఖద్దరు తొడిగిన నాటి నుంచీ పార్టీ ఎటు ఒరిగితే అటు ఒరగడమే అతని పని. "పార్టీ మారలే, పరిస్థితి మారింది" అనేవాడు. పరిస్థితి కూడా పాపం, అతనికి అనుకూలంగానే మారేది.

డెబ్బై ఎనిమిది ఎలక్షన్లప్పుడు కరెంటు మగ్గాలు వస్తున్నాయని వాడ బెదిరింది. పర్శరాములు షోలాపూరు పోదామని ట్రంకుపెట్టె సర్దుకున్నాడు. బుచ్చిరాములు ఉరికొచ్చి, మగ్గం మీద చెయ్యి పెట్టి, కరెంటు మగ్గం ఈ వాడకు రానివ్వనని ఒట్టేశాడు. నేతగాడు మగ్గం ముట్టి ఒట్టేసినంక నమ్మకుండా ఎట్లా? పర్శరాములు పెట్టె విప్పాడు. ఆ సంతోషంలో పార్టీ కోసం పెద్ద జంపఖానా ఒకటి నేశాడు. నడుమ గంప గుర్తు, ఒక అంచున "కరెంటు మగ్గం వద్దు", రెండో అంచున "చేతి మగ్గమే ముద్దు". మీటింగు మీటింగుకూ అది పోయేది. బురద కాళ్లు, బీడీ బూడిద, పాన్ మరకలతో ఇంటికొచ్చేది. బావి కాడ బండకేసి బాది ఉతికేది యాదవ్వ.

జీపు వాళ్ల గడప ముందర ఆగింది. రాజేశ్వర్ రావు దిగలేదు. బుచ్చిరాములు ఒక్కడే లోపలికొచ్చాడు.

"అక్కా, మంచిగున్నరా?"

"మంచిగనే ఉన్నం తమ్మీ. చైర్మనైనవట గద."

"నాదేముందక్కా, పార్టీ నెత్తిన వెట్టింది." గుంత మీదికి వంగాడు. "బావా, రేపే షెడ్డు ఓపెనింగు. మొదటి నౌకరి నీదే. పేపరోల్లు వస్తాండ్రు. మైకుల ఒక్క మాట జెప్పు, నా ఇష్టంతోని మగ్గం తీసేస్తాన్న అని."

పర్శరాములు చేతులు ఆగాయి. "చెప్పకుంటే?"

"ఆర్డరు ఎట్లయినా షెడ్డుకే పోతది. నువ్వు దాంట్ల ఉంటవా లేవా అన్నదే ముచ్చట."

"ఇదే మగ్గం ముట్టి ఒట్టువెడ్తివి గదనే?"

"అప్పటి లైను అది బావా. లైను మారింది. నేను మారలే."

"ఔ, నువ్వేడ మారినవ్" అన్నది యాదవ్వ. "పుట్టినకాడికెల్లి గంతే."

బుచ్చిరాములు విననట్టే, "జర ఆ పెద్ద జంపఖాన ఇయ్యక్కా. కొత్తవాడ జంపఖాన మీదనే కూసుంట అని సారు పేపరోల్లకు చెప్పిండు" అన్నాడు.

"దాని మీద రాతలున్నయి గద?"

"దానికేం ఫికర్? తిరగేసి పరుస్తం. రాతలు కిందికి పోతయి."

మొగుడూ పెండ్లాలు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. జంపఖానాకు లోపలి వైపు, బయటి వైపు ఉండవు. పైన నేసిందే కిందా కనబడుతుంది. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాడికి ఇది ఒకరు చెప్పాలా? ఇస్త్రీ మడత నలగకుండా కాచుకునే ధ్యాసలో బుచ్చిరాములు మరిచాడు. యాదవ్వ జంపఖానా చుట్ట తెచ్చి అతని భుజానికెత్తింది. "బరువుంటది తమ్మీ, పైలం" అన్నది.

మరునాడు షెడ్డు ముందర వాడంతా చేరింది. స్టేజీ మీద జంపఖానా తిరగేసి పరిచారు. గంప ఎప్పటిలాగే నడుమ కూర్చుంది. అక్షరాలు ఎడమ కుడి తారుమారై, అంచు పొడవునా అట్లాగే నిలబడ్డాయి. రాజేశ్వర్ రావు మెడ వంచి చదివాడు. చదవగలిగాడు.

"తిప్పుండ్రిరా!" అని పండ్లు కొరికాడు. తిప్పారు. "కరెంటు మగ్గం వద్దు" ఈసారి చక్కగా, దూరానికి సైతం కనబడింది.

"ఇదే మంచిగున్నది, ఇట్లనే ఉంచుండ్రి!" అని కింద జనంలోంచి నేతగాడు రాయమల్లు అరిచాడు. జనం గొల్లుమన్నారు. మళ్లీ తిప్పారు. ఇంకా నవ్వారు. చివరికి అక్షరాల మీద కుర్చీలేసి, చెప్పులు విప్పకుండానే కూర్చున్నారు నాయకులు.

"గంప పార్టీ ఎన్నటికీ నేతన్న పక్షమే" అని రాజేశ్వర్ రావు మొదలుపెట్టాడు. "చేతులు నొయ్యొద్దనే ఈ మిషిన్లు. కావాలంటే మన పర్శరాములునే అడుగుండ్రి."

బుచ్చిరాములు అతన్ని చెయ్యి పట్టి గుంజుకొచ్చి మైకు ముందర నిలబెట్టాడు. పర్శరాములు తల దించాడు. తాను నేసిన అక్షరాల మీద ఆనుకున్న చెప్పులనే చూస్తున్నాడు. ఫోటోలు తీసేవాళ్లు కెమెరాలు దించారు.

రాజేశ్వర్ రావు మైకు లాక్కొని, ఆడవాళ్ల వైపు తిరిగి నవ్వు తెచ్చుకున్నాడు. "మా తమ్ముడు సిగ్గువడ్తాండు. నువ్వు చెప్పు చెల్లె, పార్టీ నుంచి మీకేం కావాలె?"

యాదవ్వ కొంగు నడుముకు దోపి లేచి నిలబడింది.

"మగ్గం తియ్యం, మీ నౌకరి మాకొద్దు. మీరంత నా జంపఖాన మీదికెల్లి లేవుండ్రి, ఇంటికి కొంటవోయి ఉతుక్కోవాలె."