ఇప్పుడు బాగుందా?

కళ్లజోళ్లాయన పనితనమంటే ఊరందరికీ గురి. అందుకే భార్య తలనొప్పి అన్నా, చూపు మసక అన్నా ఆయన అద్దాలే మార్చాడు. ఆరు నెలల్లో మూడు జతలు! తొడిగిన ప్రతిసారీ "ఇప్పుడు బాగుందా?" అని అడిగేవాడు. ఆయన చిన్నబుచ్చుకుంటాడని ఆవిడ "బాగుందండీ" అనేది.

నడుం లాగేస్తోందని కూడా ఆవిడ చెప్పకపోలేదు.

"అయితే నడుముకీ ఒక కళ్లజోడు పెట్టమంటావా?" అని నవ్వేశాడు.

చివరికి కంటి డాక్టరు చూసి, కంటి లోపలి నరం ఉబ్బిందన్నాడు. తలకు స్కాన్ తీస్తే గడ్డేమీ లేదు. గడ్డ నడుము దగ్గర, వెన్నులో దొరికింది. దానివల్లే తలలో ఒత్తిడి పెరిగి కంటి నరం దెబ్బతిందట. గడ్డ తీశారు, తలనొప్పి పోయింది. అప్పటికే పోయిన చూపు మాత్రం తిరిగి రాలేదు.

ఇంటికొచ్చాక ఆవిడ కళ్లజోడు అడిగింది.

"ఇంకెందుకే?"

"కళ్లజోళ్లాయన పెళ్లాం బోసిమొహంతో కనబడితే మీ కొట్టుకెవరొస్తారండీ?"

ఆయన అద్దాలు చొక్కా అంచుతో తుడిచాడు. వెలుతురుకేసి పట్టి చూసి, మళ్లీ తుడిచి ఆవిడకు తొడిగాడు. అలవాటుకొద్దీ నోరుజారాడు.

"ఇప్పుడు బాగుందా?"

"బాగుందండీ," అంది ఆవిడ, ఎప్పటిలాగే.