బోర్లించిన కాగు

రిబ్కమ్మ ఊదుగొట్టాన్ని పొయ్యి నోట్లో పెట్టి ఊదుతోంది. కందికట్టె రాత్రి మంచుకు మెత్తబడింది. అంటుకోదు, పొగ మాత్రం బుసబుస కక్కుతుంది. కళ్ళ నీళ్ళు కొంగుతో తుడుచుకుని మళ్ళీ ఊదింది. బూడిద కింద ఎక్కడో ఒక కన్ను తెరుచుకున్నట్టు నిప్పు ఎర్రబడింది. పత్తికట్టె రెండు పుల్లలు దాని మీదికి జరిపి, మంట నిలిచాక తుమ్మమొద్దు తోసింది. ఇవాళ ఎందుకో రెండు ఊదులకే ఆయాసం వచ్చింది. ఎడమ దవడ కింద ఏదో గుంజుతోంది. చలికి అనుకుంది.

నారాయణఖేడ్‌లో బసవరాజ్ పటేల్ ఇంటి స్నానాలగదికి వెనకగోడలో, నేలను ఆనుకుని ఒక బొర్ర ఉంది. మంట ఆ బొర్రలోంచి లోపలికి పోతుంది. గోడకు అవతల, గదిలో, ఇటుకల మధ్య కూర్చోబెట్టిన పెద్ద రాగి కాగు. నిప్పు ఇవతల రిబ్కమ్మది, నీళ్ళు అవతల పటేలింటివాళ్ళవి. కోడలుగా ఈ ఊరికి వచ్చిన ఏడాదే ఆమె ఈ పనికి కుదిరింది. ఇన్నేళ్ళలో ఆ గదిలో అడుగు పెట్టలేదు, ఆ కాగును చేత్తో ముట్టలేదు. రమ్మని ఎవరూ అనలేదు. రావద్దని చెప్పే అవసరం కూడా ఎవరికీ కలగలేదు.

చూడకపోయినా ఆ గది ఆమెకు చెవులతో తెలుసు. పటేల్ స్నానమంటే దగ్గు, గొంతులో శివనామం, నాలుగు చెంబులు. పటేలమ్మ విజయమ్మ అయితే గాజుల చప్పుడు. అందరికంటే ముందు పెద్ద పటేలమ్మ, విజయమ్మ అత్త. నీళ్ళు చాలినంత కాగలేదనిపిస్తే ఆ ముసలామె నోరు తెరిచి అడిగేది కాదు. చెంబుతో గోడను టక్ టక్ టక్ అని కొట్టేది. రిబ్కమ్మ ఇంకో మొద్దు తోసేది. వాళ్ళిద్దరి మధ్య నడిచిన మాటలన్నీ దాదాపు అవే.

పెద్ద పటేలమ్మ పోయిన వానాకాలంలో పోయింది.

మొద్దు అంటుకుని మంట బొర్రలోకి వంగిన ఆ వేళ, గోడ అవతలి నుంచి చప్పుడు వినిపించింది. టక్ టక్ టక్.

రిబ్కమ్మ చెయ్యి ఆగిపోయింది. ఇంట్లో ఇంకా ఎవరూ లేవలేదు. స్నానాలగది కిటికీలో దీపం లేదు. రాగి వేడెక్కితే చప్పుడు చేస్తుంది, అది ఆమెకు తెలియనిది కాదు. కానీ రాగి అట్లా ఆగి ఆగి, మూడుసార్లు, మనిషి అడిగినట్టు అడగదు. ప్రభువును తలుచుకుంది. అది చాలదనిపించి బోరంచ నల్లపోచమ్మను కూడా తలుచుకుంది. తర్వాత ఏమీ అననట్టే ఇంకో మొద్దు తోసింది. చప్పుడు మళ్ళీ రాలేదు.

ఇవాళే ఈ పొయ్యికి ఆఖరు. పని పోతుందన్న దిగులు ఆమెకు పెద్దగా లేదు. వాకిలి ఊడ్చుకొమ్మని, గొడ్ల కొట్టం చూసుకొమ్మని విజయమ్మ ముందే చెప్పింది. ఆమె దిగులంతా మిద్దె మీద ఉంది. కట్టె దొరకడం లేదు, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో దానికే తెలియదు, అందుకని పటేల్ ఎండతో నీళ్ళు కాగే సోలార్ పెట్టిస్తున్నాడు. దాన్ని బిగించేది రిబ్కమ్మ ఒక్కగానొక్క కొడుకు యోసేపు.

యోసేపు తండ్రి గిద్యోను హైదరాబాదులో కట్టుబడి పనికి పోయి, సెంట్రింగు మీదినుంచి పడి చచ్చిపోయాడు. ఆయన సామాన్ల సంచిలో తిరిగొచ్చింది ఒక ఇనుప పైపుముక్క. రిబ్కమ్మ దాన్నే ఊదుగొట్టం చేసుకుంది. ఆ రోజు నుంచి ఎత్తు అనేది ఏదైనా ఆమెకు పడదు. కొడుకు అటక ఎక్కినా గుండె దడే. పెద్దవాడై వాడు కూడా హైదరాబాదే పోయాడు, పైపుల పని నేర్చుకున్నాడు, పెళ్ళయ్యాక తిరిగొచ్చాడు. వచ్చి పట్టుకున్న పనేమో మిద్దెల మీది పని. వాడు పనికి పోయిన ప్రతి పొద్దూ ఆమె మనసులో వాణ్ణి ఒకసారి పడేసుకుని, ఏడ్చుకుని, సాయంత్రం వాడు గుమ్మంలో కనిపించాక బతికించుకుంటుంది.

పొద్దెక్కాక యోసేపు, మేస్త్రి యాదయ్య వచ్చారు. గుండ్రటి పీపా, గాజు గొట్టాలు ముందురోజే మిద్దెకు చేరాయి. ముందు పాతది తీయాలి. యాదయ్య గడ్డపారతో ఇటుకలు విప్పాడు, ఇద్దరూ కలిసి కాగును పెకిలించి పెరట్లోకి దొర్లించుకొచ్చారు. గోడలో ఖాళీ అయిన చోటు పన్ను ఊడిన చిగురులా ఉంది.

రిబ్కమ్మ కాగును మొదటిసారి చూసింది. తన మంట తగిలినంతమేరా అడుగు నల్లగా, చేప పొలుసుల్లా మసి. పైన మాత్రం మెరుస్తోంది. తన మొహం అందులో వెడల్పుగా, ఎవరో తెలియని మనిషి మొహంలా కనిపించింది.

"కోళ్ళు గలీజు చేస్తయ్ రా యోసేపూ, గట్లనే ఇడవకు," అంది విజయమ్మ వంటింట్లోంచి.

యోసేపు కాగు అంచు పట్టుకుని ఒక్క తోపు తోసి నేల మీద బోర్లించాడు. గంట మోగినట్టు ధ్వని పెరడంతా తిరిగింది.

రిబ్కమ్మ రెండడుగులు కాగు వైపు వేసింది.

ఆ వాడకట్టులో ఎవరైనా పోతే, ఆఖరి స్నానానికి నీళ్ళు పెరట్లో మూడు రాళ్ళ మీద కాచి, ఆ నీళ్ళు పోసేశాక, కాచిన పాత్రను బోర్లిస్తారు. మైల తీరేదాకా అది అట్లాగే ఉంటుంది. పటేలింట్లోనైనా, క్రైస్తవుల పేటలోనైనా ఇంతే. పాత్ర బోర్లించి ఉందంటే లోపల చావైందని దారిన పోయేవాడికి కూడా తెలుస్తుంది. చావు లేని ఇంట నీళ్ళ కాగును ఎవరూ బోర్లించరు. కడిగినా పక్కకు ఒరగేసి ఆరబెడతారు. బోర్లించారంటే పిలిచినట్టే. బోర్లించినవాడి గడపకే అది చూపు పెడుతుందని రిబ్కమ్మ అత్త చెప్పేది. చెప్పినామె పోయింది, ఆ భయాన్ని కోడలికిచ్చి.

"అరేయ్, గదేందిరా గట్ల బోర్లేసినవ్!"

"కోళ్ళు ఎక్కుతయన్నది కదనే పటేలమ్మ."

"నీ చేత్తోనే ఎయ్యాల్నారా? మల్ల లేపు. జల్దీ లేపు."

"ఓయవ్వా! గాజు గొట్టాలు ఎండల ఉన్నయ్. పొద్దు నెత్తిమీదికొస్తే నా పని పరేషాన్ అయితది. నీ ముచ్చట మాపటికి వింట తియ్." నవ్వుతూ నిచ్చెన ఎక్కుతున్నాడు.

"ఎక్కకురా, నా మాటిను."

"యాదన్నా, మా అవ్వను జర పట్టుకో. లేకుంటే నిచ్చెన గుంజుకపోతది," అని యోసేపు మిద్దె అంచు దాటి కనబడకుండా పోయాడు.

యాదయ్య పకపక నవ్వి, గదిలోపలి సిమెంటు పనికి వెళ్ళిపోయాడు.

రిబ్కమ్మ ఒక్కతే బోర్లించిన కాగు ముందు నిలబడింది. పెరట్లో కోళ్ళున్నాయి. ఒక్కటి కూడా దాని దగ్గరికి రావడం లేదు. విరుగుడు ఆమెకు తెలుసు, అదీ అత్త చెప్పిందే. పొరపాటున బోర్లించిన పాత్రలో నీళ్ళు కాచి, ఆ పొద్దు గుంకకముందే, బోర్లించిన మనిషికి బతికుండగా పోయాలి. బతికున్నవాడి ఒంటిమీద పడితే ఆ నీళ్ళకు ఇక అడగడానికేమీ ఉండదు.

తుమ్మమొద్దును అంచు కింద దోపి, భుజం ఆనించి లేపింది. కాగు కదల్లేదు. ఇద్దరు మగవాళ్ళు కలిసి దొర్లించిన బరువు అది. పళ్ళు బిగించి మళ్ళీ లేపింది. దవడ కిందిది ఈసారి భుజంలోకి పాకి, ఎడమ చెయ్యంతా బరువెక్కింది. ఒళ్ళంతా చెమట. ఇంత చలిలో చెమటేందని ఒక్క క్షణం అనిపించింది గాని, మిద్దె మీద ఏదో జారిన చప్పుడు విని అది మరిచిపోయింది. మూడోసారికి కాగు ఒరిగి, దొర్లి, నోరు పైకి తిరిగింది.

విప్పిన పొయ్యి ఇటుకలే పేర్చి దాన్ని వాటిమీదికి నెట్టింది. తొట్టిలోంచి బకెట్లతో నీళ్ళు తెచ్చి పోసింది. పూర్తిగా నింపే ఓపిక లేకపోయింది. ఊదుగొట్టం తెచ్చుకుని కూర్చుని ఊదింది.

విజయమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి చూసింది. "ఏమే రిబ్కా, మిద్దె మీద గంత పెద్ద మిషిను పెట్టిస్తుంటే కింద మంటపెట్టినవ్, నీకేమన్న పిచ్చా?"

"మావోనికి పటేలమ్మా. సిమెంటు మన్ను అయితడు కద. కాళ్ళుచేతులు కడుక్కుంటడు."

"కడుక్కుంటందుకు గంత కాగా?" అంటూనే విజయమ్మ కళ్ళు ఇటుకల మీద, కాగు కింద ఆరుబయటి మంట మీద పడ్డాయి. కొంగు నిండా కప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఎండ ముదిరింది. నీళ్ళు కాగాయి. రిబ్కమ్మ పిలిచింది. "యోసేపూ, దిగిరా బిడ్డా. నీళ్ళు కాగినయ్."

"గిప్పుడెట్ల దిగుతనే! కరెంటు లేదు, మోటరు నడుస్తలేదు. గొట్టాల మీద గోనెలు కప్పుకుంట కూసున్న. ఎండల కాలిన గొట్టంల సల్లనీళ్ళు పడితే పలుగుతది. కరెంటొచ్చి పీపా నిండినంక దిగుత."

"అది కాలుతున్నట్టు కనవడ్తలేదు గదరా. పొగ లేదు, మంట లేదు."

"లోపల కాలుతది అవ్వా. బయట ముట్టుకుంటే సల్లగనే ఉంటది."

లోపల కాలుతూ బయట చల్లగా ఉండే వస్తువు. మంటకు పొగ ఉంటుంది, చప్పుడుంటుంది, వద్దనుకుంటే నీళ్ళు చల్లి ఆర్పొచ్చు. దీన్ని ఏం చేస్తారు? రిబ్కమ్మ తన చెయ్యి తాను ముట్టుకుంది. మంచులా చల్లగా ఉంది. రొమ్ములో మాత్రం ఎవరో కందికట్టె మోపుకు నిప్పు పెట్టినట్టుంది.

నీళ్ళు చల్లారకుండా సన్నగా మంట పెడుతూ కూర్చుంది. నీడ తిరిగి గోడ ఎక్కడం మొదలుపెట్టింది. పొద్దు గుంకక ముందే పోయాలి. పిలవడానికి నోరు తెరిచింది గాని గొంతు లేవలేదు.

అప్పుడే కరెంటు వచ్చి మోటరు మోగింది. కాసేపటికి మిద్దె మీద ఫట్‌మని పేలుడు, వెంటనే గాజు రాలిన చప్పుడు.

రిబ్కమ్మ లేవబోయింది. కాళ్ళు లేవలేదు. కళ్ళముందు హైదరాబాదులో తాను చూడని ఆ మేడ, చూడని ఆ సెంట్రింగు.

"యోసేపూ!" అది అరుపు కాలేదు. ఊపిరి మాత్రమే అయింది.

మిద్దె అంచు మీదినుంచి తల వంచి చూశాడు యోసేపు. "పరేషాన్ గాకే అవ్వా! గొట్టమొకటి పలిగింది, గోనె జారింది. నేను మంచిగనే ఉన్న. చూడు!" రెండు చేతులూ పైకెత్తి చూపించాడు, చిన్నప్పుడు తొట్టిలో చేతులు కడుక్కొచ్చి చూపించినట్టు.

ఆమె చూసింది. ఎండ వాడి వెనక ఉంది, మొహం కనిపించలేదు. చేతులు మాత్రం కనిపించాయి. చాలు అనుకుంది. ఊదుగొట్టం మళ్ళీ పెదవులకు ఆనించుకుంది.

యోసేపు కొత్త గొట్టం బిగించి, గోడ మీది ఎండ పోకముందే నిచ్చెన దిగాడు. "ఏవీ నీ నీళ్ళు? నా మీద పొయ్యి. లేకుంటే రాత్రంతా నా పాణం తింటవ్," అంటూ అంగీ విప్పి తీగ మీద వేశాడు. రిబ్కమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళు మిద్దె వైపే ఉన్నాయి. గొట్టం ఒళ్ళో ఉంది. కాగులోంచి ఆవిరి తీరుబడిగా లేస్తోంది.

"అవ్వా," అన్నాడు. మళ్ళీ అన్నాడు. భుజం ముట్టుకున్నాడు.

పేట నుంచి ఆడవాళ్ళు వచ్చారు, కోడలు లిల్లీ కొంగు నోట్లో కుక్కుకుని అత్త కాళ్ళ దగ్గర కూలబడింది. ఇంటికి తీసుకుపోవడానికి ట్రాలీ ఆటో వచ్చింది. స్నానానికి నీళ్ళు కావాలి కదా అని ఎవరో అన్నారు. యోసేపు మిద్దె వైపు చూశాడు. పీపా నిండా నీళ్ళున్నాయి, మిగిలిన కాస్త ఎండకే గోరువెచ్చన అయ్యుంటాయి.

విజయమ్మ కళ్ళు తుడుచుకుంటూనే అడ్డం వచ్చింది. "గవి ముట్టకుర్రి బిడ్డా. ఇంక మేమే ముట్టలే. మొదలుకు మొదలే గిసుంటి దానికి వద్దు. గా కాగుల నీళ్ళున్నయ్ కద, కాగుతోనే తీస్కపోర్రి. మల్ల తేకుర్రి."

తన చేత్తో కాచిన నీళ్ళే రిబ్కమ్మకు పోశారు. అవి సరిగ్గా సరిపోయాయి. తర్వాత పేటలో తమ ఇంటి ముందు యోసేపే మళ్ళీ కాగును బోర్లించాడు. ఈసారి చప్పుడు కాకుండా, రెండు చేతులతో మెల్లగా.

నాలుగు పొద్దులు గడిచాక చలి ఇంకా పెరిగింది. తెల్లవారకముందే విజయమ్మ స్నానానికి పోయింది. కొళాయి తిప్పితే నీళ్ళు వచ్చాయి, కాగీ కాగనట్టుగా. చెంబు ముంచి ఒంటిమీద పోసుకుని వణికి, ఏం చేస్తున్నదో తనకే తెలియకుండా, అత్త చేసినట్టు చెంబుతో గోడను కొట్టింది. టక్ టక్ టక్.

గోడ అవతల ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత పొడుగ్గా, ఓపిగ్గా, ఫూ అని ఊదారు.

విజయమ్మ చీర చుట్టుకుని బయటికొచ్చి గోడ వెనక్కి పోయింది. బొర్ర ఉన్నచోట యాదయ్య పూసిన సిమెంటు చెక్కుచెదరలేదు. నిప్పు లేదు, పొగ లేదు, మనిషి లేదు. తీసుకుపోవడం మరిచిన ఊదుగొట్టం గోడకు ఆనించి ఉంది. దాని పైకొసన, పెదవులు ఆనేచోట, తడి ఇంకా ఆరలేదు.