సెలవు పెట్టి ఆడిన ఆట

నాకు ఆటలంటే ప్రాణం. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు, పేరు ప్రసన్నకుమారి అంటే, ఆటలంటే పిల్లల ఆటలు కాబోలు అనుకుంటారు. కాదు, నా ఆటలే. చిన్నప్పుడు పాములపాడులో గచ్చకాయలాడటానికి నేను కూర్చుంటే మిగతా పిల్లలు కాయలు మూటగట్టుకుని ఇళ్ళకు పోయేవాళ్ళు. నంద్యాల హాస్టల్లో క్యారమ్స్ బోర్డు దగ్గర నుంచి నన్ను లేపాలంటే ప్రార్థన గంట కొట్టాల్సిందే. ఓడిపోతే ఆ పూట అన్నం తినేదాన్ని కాదు. మనిషికి ఆ మాత్రం రోషం లేకపోతే ఆడటం ఎందుకు? మా ఆయన సామ్యేలు గడివేముల బడిలో పంతులు. పాముపటంలో పెద్ద పాము మింగినా నవ్వుకుంటూ కిందికి దిగే మనిషి. పెళ్ళయిన కొత్తలోనే ఆయనతో ఆడటం మానేశాను. ఏడిపించడానికి వీల్లేని మనిషితో ఆడితే ఏం రుచి?

ఇదంతా ఎనభై ఆరో సంవత్సరం సంగతి. కాపురం నంద్యాలలో, ఉద్యోగం ఆళ్లగడ్డలో. తెల్లవారకముందే బస్సెక్కితే శిరివెళ్ళ దగ్గర వెలుగు వచ్చేది. మా ఎక్స్ఛేంజీ పాతకాలపుది. ఊళ్ళో ఎవరైనా ఫోను పిడి తిప్పితే మా బోర్డు మీద వాళ్ళ నంబరు మీదున్న చిన్న రేకుమూత టప్పున కింద పడుతుంది. వెంటనే ప్లగ్గు దూర్చి "నంబర్ ప్లీజ్" అనాలి. ఆ నంబరులో ఇంకో ప్లగ్గు దూర్చాలి, మూత పైకి నెట్టాలి. ఈలోపల ఇంకో మూడు పడి ఉంటాయి. శనక్కాయల వ్యాపారులకు ఆదోని ధర కావాలి, పత్తి వ్యాపారులకు గుంటూరు ధర కావాలి, అందరికీ ముందే కావాలి. ఆలస్యమైతే తిట్లు. డ్యూటీ దిగి, బస్సులో నిలబడి, ఇల్లు చేరేసరికి చేతులు భుజాల నుంచి వేలాడుతూ ఉండేవి. ఇంటికి వస్తే మా అత్త హన్నమ్మ పొయ్యి ముట్టించి, నా కోసమని కూరగాయలు ముందు పెట్టుకుని కూర్చుని ఉండేది. మంచిదే పాపం, కానీ నేను గుమ్మంలో అడుగుపెట్టగానే ఆమెకు నడుము నొప్పి మొదలయ్యేది.

మా పక్కిల్లు సైదాబీది. మధ్యన నడుమెత్తు గోడ. నాకంటే పదేళ్ళు పెద్దది, నేను అక్కా అంటాను. ఇద్దరు కూతుళ్ళకూ పెళ్ళిళ్ళయ్యాయి. భర్త దాదా ఖలందర్ కువైట్‌లో ఒకరింట్లో కారు డ్రైవరు. ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. ఆ ఏడాది ఎవరో ఊరికి వస్తుంటే ఆయన ఒక రగ్గు, సెంటు సీసా, ఒక వీడియో గేము పంపాడు. గేమంటే టీవీకి తగిలించేది కాదు, అరచేతిలో పట్టే డబ్బా. చిన్న అద్దంలో ఒక కోతి, దాని చేతిలో గంప. పైన నాలుగు కొమ్మల నుంచి మామిడిపండ్లు రాలుతుంటాయి. అటొక మీట, ఇటొక మీట నొక్కి కోతిని జరుపుతూ పండ్లు పట్టాలి. మూడు జారిపోతే ఆట అయిపోయినట్టు. ప్రొద్దుటూరులో ఉన్న పెద్దకూతురు బీజాన్ కొడుక్కని పంపాడు. పండగకు బీజాన్ వచ్చి తీసుకుపోయేదాకా అది సైదాబక్క దగ్గరే ఉంటుంది.

డబ్బా చూడగానే నా వేళ్ళు గుంజాయి. ఆడటం ఆమెకు నేర్పింది నేనే. మొదట్లో ముట్టుకుంటే షాకు కొడుతుందేమోనని భయపడింది. నెల తిరిగేసరికి గురువుకే పంగనామం పెట్టింది. పొద్దస్తమానం ఆడి ఆడి ఎనిమిది వందల పండ్లు దాటించింది. నేను నాలుగు వందలకు చేరితే గొప్ప. గోడ మీద నుంచి డబ్బా ఊపుతూ, ఫోనమ్మా, నీ చేతులు ప్లగ్గులు దూర్చేకే పనికొస్తాయిలే అని ఎగతాళి చేసేది.

ఓడటం కొత్త కాదు. కానీ సాయంత్రం పని తెముల్చుకుని ఆమె అరుగు మీద కూర్చుని డబ్బా పట్టుకుంటే, పండు రాలగానే నా చేయి మీట వదిలేసి ప్లగ్గు కోసం పక్కన తడిమేది. ఒకరోజు పండు పండుకూ "నంబర్ ప్లీజ్" అంటూ ఆడానట. సైదాబక్క కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నేనూ నవ్వాను. మూడు పండ్లూ జారిపోయాయి. డబ్బా ఆమె చేతికిచ్చి, పోనీలే అని ఇంటికి వచ్చి అన్నం తిన్నాను.

సగం తిన్నాక గుర్తొచ్చింది. ఓడిపోయి అన్నం తింటున్నాను, అదీ పోనీలే అనుకుంటూ. కోపం కోసం లోపల వెతుక్కున్నాను, లేదు. అప్పుడు నిజంగా భయం వేసింది. జుట్టు నెరిసినా, నడుము లావైనా ఏమీ అనుకోలేదు గానీ, ఆడే మనిషి నాలో చచ్చిపోయిందంటే మిగిలింది ఎవరు? బోర్డు ముందు కూర్చునే మనిషి, పొయ్యి ముందు కూర్చునే మనిషి. వాళ్ళిద్దరితో నాకు పెద్ద స్నేహం లేదు. ఆ డబ్బా ప్రొద్దుటూరు పోకముందు ఒక్కసారి, ఒళ్ళు అలవకుండా, కళ్ళు మూతపడకుండా ఆడి చూడాలి. గెలిస్తే సరే. ఓడితే కనీసం కోపమన్నా రావాలి.

అందుకని సెలవు పెట్టాను. అంతకుముందు పిల్లల జ్వరాలకు, అత్త కంటి ఆపరేషనుకు, ఆడబిడ్డ కాన్పుకు ఎన్నిసార్లు పెట్టినా కారణం "సొంత పని" అనే రాసేదాన్ని. ఈసారి కూడా అదే రాశాను. మొదటిసారి నిజం రాసినట్టయింది. మా పెద్ద ఆపరేటరు ఆదినారాయణగారు ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగి సంతకం పెట్టారు.

సామ్యేలుకు చెబితే నవ్వి, పో, ఆడుకోపో అన్నాడు. అత్తకు చెప్పలేదు. చెబితే మిద్దె మీది మిరపకాయలన్నిటికీ ఆ రోజే తొడిమలు తీయాలి. ఎప్పటిలాగే తెల్లవారకముందే లేచి, క్యారియరు సర్దుకుని, వస్తానత్తా అని వీధిలోకి దిగి, సందు చుట్టి సైదాబక్క పెరటి తలుపు తట్టాను.

ఆమె నాకంటే ఉత్సాహంగా ఉంది. వేడివేడి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసి పెట్టింది. తిన్నాను. ఆ ఇంట్లో ఎంత నిశ్శబ్దమంటే నేను బజ్జీ కొరికిన చప్పుడు నాకే వినిపించింది. చుట్టిన పరుపుకు ఆనుకుని కాళ్ళు చాపి డబ్బా అందుకున్నాను. ఆమె పక్కనే చాట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ, ఊ, కానీ అంది. మొదటి ఆట తొందరపడి పోగొట్టాను. రెండో ఆట బాగా సాగింది. మూడో ఆటలో పండ్లు నెమ్మదిగా రాలుతున్నాయి, ఇంకా నెమ్మదిగా, ఆ కోతికి కూడా తొందరేమీ లేనట్టు.

కళ్ళు తెరిచేసరికి ఎండ వాకిలి దాటి గోడెక్కింది. నా తల కింద దిండు ఉంది, మీద దుప్పటి ఉంది. సైదాబక్క పొద్దున కూర్చున్నచోటే కూర్చుని ఉంది. చాటలో బియ్యం అట్లాగే ఉన్నాయి. డబ్బా గూట్లో పెట్టి ఉంది.

నా ఏడుపంతా కోపమై ఆమె మీద పడింది. ఎందుకు లేపలేదని, గోడవతల అత్తకు వినపడకుండా గొంతు అణచుకుని అరిచాను. అత్తకు చెప్పకుండా వచ్చింది పడుకోవడానికా అన్నాను. నా కోసమని నేను అడిగి తెచ్చుకున్న ఒక్క దినం, అది కూడా గురక పెట్టి పోగొట్టుకున్నానన్నాను. ఆమె మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. నేను తాగేదాకా ఆగి అప్పుడు మాట్లాడింది.

"లేపుదామనే అనుకుంటి ప్రసన్నా. చెయ్యి గూడా చాపితి. నీ మొగం జూస్తే మా ఇంటాయన గుర్తొచ్చ."

నేను గ్లాసు కింద పెట్టాను.

"పోయినతూరి సెలవులో వచ్చినప్పుడు ఆయప్ప గూడా ఇట్లనే నిద్రపోయినాడు. పొద్దన నిద్రే, మాపున నిద్రే. కూతుర్లొచ్చి మాట్లాడిస్తాంటే కూచున్నకాడే తూగేటోడు. నాకు మండె. ఇంత దూరం నన్ను జూసేకి వచ్చినావా, నిద్రపోయేకి వచ్చినావా అని కొట్లాడితి. పొయ్యే దినం గూడా సరిగ్గ మాట్లాడల్యా. నామీద మనసు లేదనుకుంటి." ఆమె చాటలో బియ్యం ఒకసారి వేళ్ళతో కదిపింది. "నువ్వు ఆటంటే పడి సస్తావ్. దానికోసరం సెలవు బెట్టి వచ్చినావ్. అయినా నిద్రపోతివి. మనసు లేక గాదు గదా."

బియ్యం ఏరితే చప్పుడవుతుందని ఏరలేదట. డబ్బా ముట్టుకుంటే కూత పెడుతుందని ముట్టుకోలేదట. ఇంట్లో ఇంకో మనిషి ఊపిరి వినపడి ఎన్నాళ్ళయిందో అని, ఊరికే వింటూ కూర్చుందట. నాకు ఆమె మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. అరిచినందుకు సిగ్గు కూడా వేసింది, అయితే అది ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకంటే ఆమె లేచి, గూట్లోంచి డబ్బా తీసి నా ఒళ్ళో పడేసింది. బస్సొచ్చే వేళ ఇంకా కాలేదు, ఇప్పుడాడు అంది.

ఆడాను. ఒళ్ళు తేలిగ్గా ఉంది. పండు కొమ్మ మీద కదలకముందే నాకు తెలిసిపోతోంది. వేళ్ళు పాములపాడు నాటి వేళ్ళయ్యాయి. నాలుగు వందలు దాటాయి, ఆరు వందలు దాటాయి. సైదాబక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎనిమిది వందలు కూడా దాటాక, చివరి పండు కుడి కొమ్మ నుంచి రాలితే ఎడమ మీట నొక్కాను. ఆమె లెక్కకు రెండు పండ్లు తక్కువ.

కోపం వచ్చింది. చెవులు కాలేటంత కోపం. రెండే రెండు పండ్లు! డబ్బాను గోడకేసి కొట్టబుద్ధయింది. ఈ కోతి నీ పక్షం, ఇదేదో మోసమని సైదాబక్క మీద పడ్డాను. ఆమె విరగబడి నవ్వుతోంది. నేను తిడుతూనే ఉన్నాను, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అంత సంతోషం మళ్ళీ ఎప్పుడు కలిగిందో నాకు గుర్తు లేదు.

బస్సు వేళకు సందు చుట్టి వీధి వైపు నుంచి ఇంటికి వచ్చాను. అత్త నా ముఖంలోకి ఎగాదిగా చూసి, ఏందీ ఈ పొద్దు మొగం తేటగుండాది అంది. బస్సులో సీటు దొరికిందన్నాను. ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదు. ఎందుకని అత్త అడిగితే సామ్యేలు తల వంచుకుని నవ్వుకున్నాడు.

పండగకు బీజాన్ వచ్చి డబ్బా తీసుకుపోయింది. ఆ రెండు పండ్లూ అట్లాగే ఉండిపోయాయి.

ఆ తర్వాత ఒకరోజు తెల్లవారకముందే నేను బస్టాండుకు పోతుంటే సైదాబక్క బురఖా వేసుకుని నా వెనకే వచ్చింది. కువైట్‌కు ఫోను కలపాలంది. నంద్యాల ఎక్స్ఛేంజీలో కూడా కలుపుతారంటే, నువ్వు కూర్చున్నచోటి నుంచే మాట్లాడతానంది. ఆళ్లగడ్డలో ట్రంకు కాలు బుక్ చేశాను. అది బొంబాయి పోయి, అక్కడి నుంచి సముద్రం దాటాలి. మధ్యాహ్నం దాకా ఆమె బెంచీ మీద కదలకుండా కూర్చుంది. అప్పుడు లైను కలిసింది.

లైను నిలబడిందో లేదో చూడటానికి ఆపరేటరు చెవి పెట్టి తీరాలి, పెట్టాను. వాళ్ళు ఉర్దూలో మాట్లాడుకున్నారు, నాకు అర్థమయ్యేంత ఉర్దూ వచ్చు. ఎవరికేమైందని ఆయన పదేపదే అడుగుతున్నాడు. దేశం దాటి ఫోను వచ్చిందంటే చావు కబురే అనుకునే రోజులు. ఎవరికీ ఏమీ కాలేదు, అందరూ బాగున్నారని ఆమె రెండుసార్లు చెప్పింది. తర్వాత, ఈసారి వచ్చినప్పుడు నీకు ఎంతసేపు కావాలంటే అంతసేపు నిద్రపో, నేను కొట్లాడనంది.

అటు నుంచి ఏమీ వినిపించలేదు. లైను తెగిందేమోనని నా చెయ్యి ప్లగ్గు మీదికి పోయింది. అట్లాంటప్పుడు హలో హలో అని మేము కలగజేసుకోవాలి. నేను కలగజేసుకోలేదు. చాలాసేపటికి ఆయన, నువ్వు పక్కన కూర్చుంటావా అని అడిగాడు.

కూర్చుంటానంది సైదాబక్క.

కాలుకు ఇచ్చే మూడు నిమిషాలు అయిపోయాయని నేను చెప్పాలి. నాకు నోరు రాలేదు, ఆదినారాయణగారే చెప్పారు.