మేడమీది జుమా

"స్పీకరు మాటిమాటికీ ఆగిపోతోందండీ. ఇవాళైనా చూపించండి," అంది ఆమె, మసీదు మేడమీద ఆడవాళ్ళ గదిలో చాపలు దులుపుతూ.

ఆమె మొగుడు మసీదు కమిటీ కార్యదర్శి. గుమ్మంలో నిలబడి చొక్కా చేతులు సర్దుకుంటున్నాడు. ఆ చొక్కా ఇస్త్రీ చేసిందీ ఆమే, దాని జేబులో ఉన్న ఉపన్యాసం రాసిందీ ఆమే. పదేళ్ళుగా ఎడమొహం పెడమొహంగా ఉన్న రెండు పేటలవాళ్ళు ఇవాళ శుక్రవారం జుమా నమాజుకి ఒకే వరసలో నిలబడబోతున్నారు. ఆ తర్వాత కింద హాల్లో ఐకమత్య సభ, భోజనాలు.

"మీరు వినాల్సిందేముందే? ముందున్నవాళ్ళు ఏం చేస్తే అది చేయండి. పదిమందిలో ఈ గొడవ ఎత్తకు, ఐకమత్యం చెడుతుంది," అన్నాడు.

ఔరా! రెండు పేటల్ని కలిపిన ఐకమత్యం ఒక వైరు ముక్క అడిగితే చెడిపోతుందట! ముందున్నవాళ్ళెవరు? గదిలో ముందున్నది సున్నం గోడ. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేసింది. కొత్త కోడలిగా ఓసారి గట్టిగా నవ్వినందుకు, "ఆడదాని గొంతు గడప దాటకూడదమ్మా," అంది అత్తగారు. ఆనాటి నుంచీ మింగడం బాగానే అలవాటైంది.

మధ్యాహ్నం గది నిండింది. నలభై మంది, భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు. ఆమె పక్కనే అత్తగారు. మోకాళ్ళ నొప్పి, ఆయాసం, అయినా కుర్చీ వద్దంది. కింద మగవాళ్ళ ముందు నిలబడ్డ ఇమాము గొంతు స్పీకరులో చెప్పినట్టే వంగారు, లేచారు. చివరిదైన రెండో రకాతులో సజ్దాకి 'అల్లాహు అక్బర్' అని తక్బీర్ వినపడింది. నలభై నుదుళ్ళు నేలకి ఆనాయి. అంతే, స్పీకరులో చిన్న చిటపట, తర్వాత ఏమీ లేదు.

మొదట ఆమెకి అనుమానం రాలేదు. పెద్ద జుమా కదా, ఇమాము దీర్ఘంగా చేస్తున్నాడనుకుంది. సజ్దాలో చదివే తస్బీహ్ మూడుసార్లు చదివింది, ఏడుసార్లు, తర్వాత ఎన్నిసార్లో మరిచిపోయింది. తల ఎత్తి చూద్దామా? ఇమాముకంటే ముందు లేస్తే నమాజు ఏమవుతుంది? గదిలో ప్రతి ఆడదీ అదే అనుకుంటోందని ఆమెకి తెలుస్తూనే ఉంది. నిమిషమైందో, గంటైందో. విడివిడిగా ఉన్న ఊపిరులు మెల్లగా ఒకటే ఊపిరైపోయాయి, గదే పీల్చి వదులుతున్నట్టుంది. ఇంతలో నుదుటి కిందే, నేల అడుగున, కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు. నవ్వులు. తర్వాత, సిమెంటులోంచి పైకి పాకుతూ, తన మొగుడి గొంతు. "భుజానికి భుజం ఆనితే మధ్యలో సైతానుకి చోటుండదు..." రాత్రి వంటగట్టు మీద తను రాసిన వాక్యమది! కింద నమాజు ఎప్పుడో అయిపోయింది. పైన నలభై మంది నేలకి అతుక్కుని ఉన్నారన్న సంగతి ఒక్కడికీ గుర్తు లేదు.

పక్కన చప్పట వినపడింది. ఇమాము పొరబడితే ఆడవాళ్ళు అలా చేతి మీద చేయి కొట్టి హెచ్చరించాలి, నోరెత్తకూడదు. కొట్టింది అత్తగారే. మళ్ళీ కొట్టింది. మూడోసారి చేయి లేవలేదు. ఆవిడ గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి. ఇక్కడే ప్రాణం పోయినా ఈవిడ ఒంటరిగా తలెత్తదు. ఆమెకి భయం వేసింది, నిజంగా చచ్చేంత భయం.

స్పీకర్లు లేని రోజుల్లో వాళ్ళ నాన్న వరస మధ్యలో నిలబడి వెనకవాళ్ళకి తక్బీర్ అందించేవాడు. నాన్నకున్నదీ గొంతే కదా.

"అల్లాహు అక్బర్!"

తన గొంతని ఆమెకే తెలియలేదు. నలభై మంది ఒక్కసారిగా లేచి కూర్చున్నారు. అత్తగారు నోరు తెరిచి గాలి పీల్చుకుంది. మళ్ళీ చెప్పింది, మళ్ళీ నుదుళ్ళు నేలకి ఆనాయి. మళ్ళీ చెప్పింది, కూర్చున్నారు. కింద ఉపన్యాసం మధ్యలో ఆగిపోయింది.

మెట్ల మీద అడుగులు. గుమ్మానికి కట్టిన తెర అవతల మొగుడు. "ఏమే, నమాజు ఎప్పుడో అయిపోయింది! వడ్డనకి దిగరేం? ఎవరు అరిచింది?"

ఎవరూ కదల్లేదు. చూపులు ఒళ్ళోకి దించుకుని అందరూ నమాజు ముగించే ఆమె సలాము కోసమే కాచుకుని ఉన్నారు. తెర అవతల అతను కూడా ఎందుకో గొంతు తగ్గించాడు. "ఉన్నారా లోపల?" అన్నాడు.

ఆమె చదవాల్సిందంతా తొందర లేకుండా చదువుకుంది. కుడికి తిరిగి సలాము చెప్పింది, ఎడమకి తిరిగి చెప్పింది.

"మీది అయిపోయిందేమో నాయనా," అంది అత్తగారు ఆయాసపడుతూ. "మాది ఇప్పుడే అయింది."

ఆమె లేచి తెర పక్కకి లాగింది.

"అరిచింది నేనే."

"సర్లే, సర్లే. స్పీకరు రేపే బాగుచేయిస్తా. కింద ఎవరితోనూ అనకు."

"చేయించండి," అంది. "చేయించినా సరే, ఇకమీదట వరస మధ్యలో నేనే నిలబడతాను."