రేవులో అనకూడని మాట

నాగదుర్గకి ఇంగ్లీషు బాగా వచ్చు. ఏదో నాలుగు ముక్కలు బట్టీ పట్టి నెట్టుకొచ్చే ఇంగ్లీషు కాదు. నిజాంపట్నం రేవులో పుట్టి, రేపల్లెలో డిగ్రీ చదివి, ఆపైన తెనాలిలో దేవసహాయం మాస్టారి దగ్గర పోటీ పరీక్షలకి తయారైన పిల్ల. పరీక్ష గట్టెక్కలేదనుకోండి, అది వేరే సంగతి. ఆ ఇంగ్లీషు పుణ్యమా అని బాపట్లలో తుఫాను కంట్రోల్ రూములో కాంట్రాక్టు ఉద్యోగం మాత్రం దొరికింది. పెళ్ళయినా మానలేదు. మొగుడు నాగబాబు మరబోటు నడిపే సరంగు. ఆయన వేటకి, ఆమె బస్సెక్కి బాపట్లకి.

దేవసహాయం మాస్టారిది చిత్రమైన పాఠం. పర్యాయపదాలంటే ఒకదాని బదులు ఒకటి వాడేసుకునే మాటలని పిల్లలు అనుకుంటే ఆయనకి ఒళ్ళు మండేది.

"ప్రతి ఏడుపుకీ ప్రాబ్లం ప్రాబ్లం అని ఏడవకండర్రా! రేపల్లె బండి లేటయింది, అది డిఫికల్టీ. బండి వెళ్ళిపోయింది, జేబులో బస్సు చార్జీ కూడా లేదు, స్టేషన్లో తెలిసిన మొహం లేదు. అది ప్రెడికమెంటు. ఇంట్లో అమ్మకీ ఆవిడకీ పడదు, ఎవరి పక్షాన మాట్లాడినా మనకి చావే. అది డైలమా, నాకు అనుభవమే. జ్వరం దిగుతుందో ముదురుతుందో ఈ పూటతో తేలిపోవాలి, అది క్రైసిస్. ఇల్లంటుకుంది, ఎమర్జెన్సీ. అంటుకున్న ఇంట్లో మనిషి ఉండిపోయి కేకలేస్తున్నాడు, అది డిస్ట్రెస్."

పిల్లలు డైలమా దగ్గర నవ్వి, మిగతావి మర్చిపోయేవాళ్ళు. నాగదుర్గ ఒక్కటీ మర్చిపోలేదు.

ఆ మాటకొస్తే తెలుగులో మాత్రం తక్కువా? ఇబ్బంది, చిక్కు, ఇరకాటం, ముప్పు, గండం, ఆపద. ఎంత కష్టానికి అంత మాట ఉంది. రేవులో అందరికీ తెలిసినవే. కాకపోతే పడవ నీళ్ళ మీద ఉండగా వీటిలో ఒక్కటి కూడా నోట్లోంచి రాకూడదు. వేటకి వెళ్ళిన పడవ రాకపోతే 'ఆలస్యం' అంటారు, అంతే. ఒక పూట రాకపోయినా ఆలస్యమే, మూడ్రోజులు రాకపోయినా ఆలస్యమే. అంతకు మించి అన్నవాళ్ళ వాక్కు పడవకి తగులుతుందని వాళ్ళ నమ్మకం. ఒకసారి చెరుకుపల్లి వైపు నుంచి వచ్చిన కొత్తల్లుడొకడు, పాపం పైరూపచ్చా తప్ప సముద్రం ఎరగనివాడు, "మావయ్య బోటు మునగలేదు కదా?" అని అడిగాడు. అత్తగారు చీపురు తిరగేసింది. మావగారు ఆ సాయంత్రమే వచ్చాడు గానీ, అల్లుడు మాత్రం మళ్ళీ ఆ ఊరు రాలేదు.

ఇంత చదివిన నాగదుర్గకి ఆ నమ్మకం ఉందా అంటే, లేదనే చెప్పేది. ఉందో లేదో కార్తీకమాసంలో తేలింది.

అల్పపీడనం పట్టింది. బోట్లన్నీ వెనక్కి రమ్మని కబురు పెట్టారు. అన్నీ వచ్చాయి, నాగబాబు బోటు తప్ప. అందులో ఆరుగురున్నారు. పక్కింటి రత్తాలు మొగుడు శివకృష్ణ కూడా అందులోనే ఉన్నాడు. పొద్దున్నే అత్తగారు లక్ష్మీతిరుపతమ్మ దగ్గర్నించి కంట్రోల్ రూములో ఉన్న నాగదుర్గకి ఫోనొచ్చింది.

"మన బోటు కాస్త ఆలస్యమంటమ్మా. సుబ్బారావు బోటోళ్ళు వైర్‌లెస్‌లో ఇన్నారంట. ఇంజను గది నీళ్ళు తాగతంది, తోడతన్నాం, మెల్లగా వత్తాం అన్నాడంట అబ్బాయి."

"సరేనత్తయ్యా," అంది నాగదుర్గ. ఇంజను గది నీళ్ళు తాగుతోందంటే బోటు మునగబోతోందని రేవులో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. అత్తకీ తెలుసు, కోడలికీ తెలుసు. ఇద్దరూ పైకి అనలేదు.

ఫోను పెట్టేసిందో లేదో, గదికి పెద్ద అయిన దశరథరామయ్య గారు పిలిచాడు. "అమ్మాయ్, గాలింపు ఓడల వాళ్ళు లైన్లో ఉన్నారు. నాకా ఇంగ్లీషు అందట్లేదు. రాని బోటు సంగతి నువ్వే చెప్పు."

ఆ బోటు సరంగు ఆమె మొగుడని ఆయనకి తెలియదు. ఆమె చెప్పలేదు. అవతల ఆఫీసరు మర్యాదగానే అడిగాడు. బోటు ఓవర్‌డ్యూనా, ఎమర్జెన్సీనా, డిస్ట్రెస్సా? ఏ మాటకి ఆ పని ఉంటుంది. ఓవర్‌డ్యూ అంటే ఆలస్యం, చుట్టుపక్కల బోట్లని వాకబు చేస్తారు. ఎమర్జెన్సీ అంటే ఓడని సిద్ధంగా ఉంచుతారు. డిస్ట్రెస్ అంటే ప్రాణాపాయం, ఓడ లంగరెత్తుతుంది. నాగదుర్గకి ఇవన్నీ కంఠతా వచ్చు. కొత్తగా చేరినవాళ్ళకి నేర్పింది కూడా ఆమే.

చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో మొగుణ్ణి తన నోటితో తానే ముంచుతున్నట్టు భయమేసింది. ఇంగ్లీషులో అన్నా అనడం అనడమే కదా!

"ఓవర్‌డ్యూ సర్," అంది. "మెల్లగా వస్తున్నామని పొద్దున కబురొచ్చింది."

నీళ్ళ సంగతి చెప్పలేదు. ఆఫీసరు థాంక్స్ చెప్పి పెట్టేశాడు. వాళ్ళ పద్ధతి ప్రకారం వాకబు మొదలుపెట్టారు.

ఆ పూట ఆమె ఎలా గడిపిందో ఆమెకే తెలియాలి. వచ్చిన ఫోనల్లా ఎత్తింది. జంపని దగ్గర రోడ్డు మీద చెట్టు పడిందంటే ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పింది. దశరథరామయ్య గారు టీ తెప్పిస్తే తాగింది. ఇప్పుడు వస్తారు, ఇంకాసేపట్లో వస్తారు అని తనకి తానే సర్దిచెప్పుకుంది.

మధ్యాహ్నం అత్తగారు మళ్ళీ ఫోను చేసింది.

"అన్నం వండానమ్మా. అబ్బాయికి కూడా కంచంలో వడ్డించి పెట్టా."

రాని మనిషికి కంచం పెట్టి పిలవడం ఆ రేవులో ఆశ సన్నగిల్లాక చిట్టచివరికి చేసే పని. నోటితో ఏమీ అనకుండా ఆ ముసల్ది అంతా అనేసింది. నాగదుర్గ ఫోను పెట్టేసి, అడ్డమొచ్చిన కుర్చీని తోసేసి, ఓడల వాళ్ళ నంబరు కలిపింది.

"డిస్ట్రెస్ సర్. బోటులోకి నీళ్ళొస్తున్నాయి. ఆరుగురున్నారు."

"ఎప్పట్నించి?"

"పొద్దున్నించి."

ఆఫీసరు ఇంకేమీ అడగకుండా బోటు ఏ దిక్కున ఉండొచ్చో రాసుకున్నాడు. ఓడ బయల్దేరింది. అప్పుడు గానీ బోటులో ఉన్నది తన మొగుడని దశరథరామయ్య గారికి ఆమె చెప్పలేదు. ఆయన "ఎంత పని చేశావమ్మా, పొద్దున్నే చెప్పొద్దూ!" అని నెత్తి కొట్టుకుని, తన కారులోనే ఆమెని పంపించాడు.

పొద్దు వాలుతుండగా రేపల్లె ఆసుపత్రికి ఐదుగురిని తెచ్చారు. నాగబాబు బతికాడు. ఉప్పు నీళ్ళకి కళ్ళు వాచిపోయి, పెళ్ళాన్ని గొంతు విని గుర్తుపట్టాడు.

"బోల్తా పడ్డాక అందరం బోటు పట్టుకునే ఉన్నామే," అన్నాడు. "శివకృష్ణగాడికి చేతులు పట్టు తప్పినియ్యి. నేను జుట్టు పట్టుకున్నా, ఆగలేదు. ఆడు పోయిన గంటకి ఓడ కనపడింది. ఒక్క గంటే దుర్గా!"

నాగదుర్గ మొగుడి చెయ్యి వదిలేసి లేచింది. వరండాలోకి వచ్చింది.

రత్తాలు అక్కడే ఉంది. కబురు అప్పటికే తెలిసింది. మధ్యాహ్నం నాగదుర్గ ఫోనులో అన్న మాట కూడా ఆ నోటా ఈ నోటా ఆమె చెవిన పడింది. నాగదుర్గని చూడగానే మీద పడి జుట్టు పట్టుకుంది.

"నువ్వేనంట కదే అన్నది! పడవ నీళ్ళ మీద ఉండగా ప్రాణాపాయమని ఆపీసర్లకి చెప్పావంట! నీ మొగుడొచ్చాడు. నీ నోటి మాట నా మొగుణ్ణి మింగింది కదే!"

లక్ష్మీతిరుపతమ్మ అడ్డం పడింది. "ఒసే రత్తాలూ, ఒదలవే! అది అనబట్టే కదే ఐదుగురన్నా ఒడ్డుకొచ్చారు! అప్పుడన్నా నోరు ఇప్పింది, నేనదీ చెయ్యలా."

"ఉండండత్తయ్యా," అంది నాగదుర్గ. "అవునక్కా. నేనే అన్నా."

మధ్యాహ్నం అన్నందుకు రత్తాలు కొడుతోంది. పొద్దున అనలేదన్న సంగతి ఆమెకి తెలియదు. చెప్పడానికి నాగదుర్గకి ఈసారి కూడా నోరు రాలేదు. రత్తాలు అలిసిపోయేదాకా చేతులు అడ్డం పెట్టకుండా కొట్టించుకుంది.