గుయ్‌మనే తెల్ల గిటార్

నాకు అసలే తిక్క ఎక్కువ. అలాంటిదాన్ని పట్టుకుని, పెళ్ళి స్టేజీ మీద, మైకు కట్టేయకుండా, "హేమా, ఏంటమ్మా ఆ గుయ్ గుయ్?" అని అడిగితే ఎలా ఉంటుంది? అడిగింది మా ఆర్కెస్ట్రా యజమాని సుబ్బరాజు గారు కాబట్టి పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను. ముందు వరసలో కూర్చున్న పిల్లలు మాత్రం ప్రోగ్రాం అయ్యేదాకా నన్ను చూసి గుయ్ గుయ్ అంటూనే ఉన్నారు.

ఆ మోత నా వేళ్ళది కాదు, నా గిటార్‌ది. ఎలక్ట్రిక్ గిటార్‌కి తీగల కింద పికప్‌లని ఉంటాయి. తీగ కదిలితే పట్టుకుని స్పీకర్ పెట్టెకి పంపేవి అవే. నా తెల్ల గిటార్‌కి ఉన్నవి సన్న పికప్‌లు. తీగలతో పాటు పక్కనున్న జనరేటర్ మోతనీ, సీరియల్ లైట్ల రొదనీ కూడా పట్టేస్తాయి. పాట అయిపోగానే వాల్యూమ్ మూసేస్తాను. తర్వాతి పాటకి తిప్పానా, గుయ్! లావు పికప్‌ల గిటార్‌కి ఈ గోల ఉండదు.

సామాన్లు వ్యాన్‌లోకి ఎక్కించేటప్పుడు సుబ్బరాజు గారు పక్కకి పిలిచారు.

"కోపం తెచ్చుకోకమ్మా. పోయినసారి పెళ్ళివారు వీడియో చూసుకుని ఫోన్ చేసేరు. పెళ్ళికూతురి నాన్నగారు మాటాడతంటే వెనకాల కందిరీగ తిరిగినట్టుందంట. మాఘమాసం ముహూర్తాలు వచ్చేలోగా గిటారన్నా మార్చు తల్లీ. లేదంటే నీ జాగాలో ఇంకోళ్ళని చూసుకోవాల్సొస్తాది."

"ఆయ్, అలాగేనండి," అన్నాను.

అనడానికేం, అనేశాను. మార్చాల్సింది ఏ గిటార్‌ని? మా అమ్మ కువైట్ నుంచి మోసుకొచ్చినదాన్ని. మా అమ్మ ఆదిలక్ష్మి అక్కడ ఒకరింట్లో వంట చేస్తుంది. ఆ ఇంటి కుర్రాడు కొన్నాళ్ళు వాయించి, మోజు తీరాక దీన్ని స్టోర్‌రూమ్‌లో పడేశాడట. అమ్మ అడిగి తీసుకుని, దుప్పట్లో చుట్టి, పి.గన్నవరంలో మా ఇంటిదాకా తెచ్చింది. దుప్పటి విప్పకముందు మా పిన్ని అది ఇస్త్రీ బల్ల అనుకుంది. "మా హేమకి సంగీతం వచ్చు కదా" అంది అమ్మ. అప్పటికి నాకు వచ్చిన సంగీతమల్లా భజనలో తాళాలు కొట్టడం. దీనికోసమే పట్టుబట్టి నేర్చుకున్నాను. దీనివల్లే ఇప్పుడు నాలుగు ముద్దలు తింటున్నాను.

రాజోలులో వెంకటకృష్ణ గారని ఒకాయన ఉన్నారు. ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకుంటారు. ఆయన దగ్గర లావు పికప్‌ల నల్ల గిటార్ ఉంది. ఆయనకేమో సన్న పికప్‌ల మోత ఇష్టం. గిటార్‌కి గిటార్ మార్చుకుందాం, పైన ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు అన్నారు. ఇంకేం కావాలి? కానీ ఆయనకి సరేనని మెసేజ్ పెట్టడం, ఆయన చూసేలోగా తుడిచేయడం. గిటార్‌ని సంచిలో పెట్టడం, మళ్ళీ తీయడం. అన్నం ముందు కూర్చుంటే కంచంలో వేళ్ళు తీగలు నొక్కుతున్నాయి. "కాలుగాలిన పిల్లిలా ఏంటే ఆ తిరగడం? ఓ చోట కూర్చో!" అని పిన్ని కసిరింది. అమ్మతో రోజూ ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నాను. పులుసులో ఉప్పెక్కువైన సంగతి కూడా చెప్పాను, ఈ సంగతి మాత్రం నోట్లోంచి రాలేదు.

చివరికి నా మీద నాకే విసుగొచ్చి, గిటార్ భుజానేసుకుని రాజోలు బస్సెక్కాను.

వెంకటకృష్ణ గారు నల్ల గిటార్ చేతికిచ్చారు. వాల్యూమ్ పూర్తిగా తిప్పాను. చడీచప్పుడూ లేదు. వైరు పెట్టారో లేదో అని వంగి చూశాను.

"పెట్టేనండీ, పెట్టేను. వాయించండి," అని నవ్వారాయన.

వాయించాను. అబద్ధమెందుకు, నా తెల్లదాని కంటే బాగుంది. అది బాగున్నందుకు నాకు ఒళ్ళు మండింది.

ఆయన నా మొహం చూసి, "మీకు మనసు కుదిరినట్టు లేదండీ. ఒక్క ప్రోగ్రాంకి పట్టుకెళ్ళండి. మీది ఇక్కడుంచండి. నచ్చితే అదే మార్పిడి. నచ్చలేదా, ఎవరిది వాళ్ళకే," అన్నారు.

ఆ వారమే అమలాపురంలో ఒక రిసెప్షన్. నాకో అలవాటుంది. ప్రోగ్రాం మొదలయ్యే ముందు అమ్మకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టె మీద పెట్టేస్తాను. మనకి దీపాలు పెట్టే వేళకి అక్కడ అమ్మ వంటగదిలో ఉంటుంది. ఏమీ మాట్లాడదు, పని చేసుకుంటూ వింటుంది. పాటకీ పాటకీ మధ్య వంగితే ఫోన్‌లోంచి అక్కడి గిన్నెల చప్పుడు, పంపులోంచి పడే నీళ్ళ చప్పుడు వినిపిస్తాయి. అమ్మ వెనకాల నిలబడ్డట్టే ఉంటుంది నాకు.

ఆ రోజు నేను వాయించినట్టు ఎప్పుడూ వాయించలేదు. కందిరీగా లేదు, తేనెటీగా లేదు. పెళ్ళికొడుకు మావయ్య ఎంతసేపు మాట్లాడినా వెనకాల నిశ్శబ్దమే. సుబ్బరాజు గారు దూరం నుంచే బొటనవేలు చూపించారు. వంగి విన్నాను. నీళ్ళు ధారగా పడుతూనే ఉన్నాయి. తర్వాతి పాటకీ అంతే. అమ్మకి ఈ రోజు అంట్లు ఎక్కువున్నాయి కాబోలు అనుకున్నాను.

అంతా అయ్యాక ఫోన్ తీశాను. "అమ్మా, విన్నావా?"

"విన్నానే. అదేంటమ్మా, ఇవాళ నిన్ను వాయించనివ్వలేదా రాజుగారు? ఏవన్నా మాటామాటా అనుకున్నారా?"

"వాయించేను కదే అమ్మా! అన్ని పాటలూ వాయించేను!"

"మరి గుయ్‌మనలేదేంటి?"

పక్కనున్న నల్ల గిటార్ వైపు చూశాను.

"ఫోన్‌లో అన్నీ కలిసిపోయి వస్తాయమ్మా," అంది అమ్మ. "ఏది నువ్వో ఏది కీబోర్డో నాకేం తెలుస్తాది? నీది గుయ్‌మంటే, అదిగో మా హేమ మొదలెడతంది అనుకుని పంపు కట్టేసి వినేదాన్ని. ఇవాళ ఇప్పుడంటాది, ఇప్పుడంటాది అని చూసేను. అంట్లన్నీ అయిపోయేయి గానీ అది మాత్రం అనలేదు."

ఊరంతా ఏది పోవాలని నా ప్రాణం తీశారో, ఇన్నేళ్ళూ మా అమ్మ దానికోసమే చెవులు రిక్కించుకుని ఉంది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కోపం ఎవరి మీదో తెలియక గిటార్ సంచి జిప్పు లాగితే ఊడి చేతికొచ్చింది. అప్పుడు చెప్పాను మొత్తం. సుబ్బరాజు గారి మాట, నల్ల గిటార్, మార్పిడి.

అమ్మ అంతా విని, "మార్చుకో తల్లీ. నీ పని ముఖ్యం గానీ. నేను మొదట్నుంచీ పంపు కట్టేసే వింటాలే," అంది.

"మొత్తం అలా వింటే పనెవరు చేస్తారు? మీ మేడమ్ ఊరుకుంటాదా?"

"అదీ నిజమేలే," అంది అమ్మ, చిన్నగా.

మర్నాడు మొదటి బస్సుకే రాజోలు వెళ్ళాను. వెంకటకృష్ణ గారు అప్పటికే నా తెల్లదానికి కొత్త తీగలు వేసి పెట్టుకున్నారు. "అయ్యో, నాకు బాగా అలవాటైపోయిందండీ ఇది," అన్నారు. అన్నా, మాట మీద నిలబడి ఇచ్చేశారు. నల్లదాన్ని ఆయన చేతికిచ్చి, దాని సంచి జిప్పు సంగతి చెప్పి క్షమించమన్నాను.

అక్కణ్ణుంచి నేరుగా సుబ్బరాజు గారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నారు.

"అమ్మగారి కోసమంటే కాదనలేను గానీ, పెళ్ళిళ్ళకి కుదరదమ్మా. ఏమీ అనుకోకు."

"ఊళ్ళల్లో అమ్మవారి తీర్థాలకండీ?"

"తీర్థాలకైతే బాణాసంచా మోతే సరిపోద్ది. నీ గుయ్ ఎవడు వింటాడు!"

"ఆయ్, అయితే వాటికి పిలవండి," అన్నాను.

మాఘమాసమంతా మా వాళ్ళు రోజుకో ఊళ్ళో పెళ్ళిళ్ళు వాయించారు. నా జాగాలో రావులపాలెం నుంచి ఒకతన్ని పెట్టుకున్నారు. నేను ఇంట్లో కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాను. తప్పు చేశానా అని రోజూ అనుకున్నాను. నల్ల గిటార్ ఇంకా ఉందా అని వెంకటకృష్ణ గారికి మెసేజ్ రాసి, మళ్ళీ తుడిచేశాను.

అవన్నీ అయ్యాక పిలుపొచ్చింది. కొత్తపేట పక్కనే అమ్మవారి తీర్థం. స్టేజీ వెనకాలే జనరేటర్, చుట్టూ సీరియల్ లైట్లు, జీళ్ళ కొట్ల వాళ్ళ కేకలు. అమ్మకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టె మీద పెట్టాను. వంగి విన్నాను. అక్కడ పంపు కింద నీళ్ళు ధారగా పడుతున్నాయి. సుబ్బరాజు గారు నా వైపు చూసి కానివ్వమని తలూపారు.

వాల్యూమ్ తిప్పాను. గుయ్‌మంది.

ఫోన్‌లో నీళ్ళ చప్పుడు ఆగింది.