ముత్యాలు కడుపులో చప్పుడు

మా గార్గి ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే "డాక్టరు" అని ఊరుకునేదాన్ని. ఏ డాక్టరని మళ్లీ అడిగేలోపు కాఫీ వంక పెట్టుకుని వంటింట్లోకి దూరేదాన్ని. పశువుల డాక్టరు చదువు ముగించినప్పుడు సరే అనుకున్నాను, ఆవులూ గేదెలూ ఉన్న ఊళ్లు మావి, బతకనిస్తాయి. ఆ తర్వాత బెంగళూరులో పీజీ చేరి, గుర్రాల ఆరోగ్యం, వాటి బాగోగులే తన సబ్జెక్టు అంది. బాగేపల్లి, చింతామణి తిరిగి, జట్కా గుర్రాల కాళ్లెత్తి డెక్కలు చూడటం, నోరు తెరిచి పళ్లు చూడటం, జీను ఒరుసుకున్న పుండ్లను ఫొటోలు తీయడం! మిట్టేమరిలో తరతరాలుగా గుడి పూజ చేసే ఇంటి పిల్ల పరిశోధన ఇదీ. చిక్కబళ్లాపురంలో ఉండే మా ఆడపడుచు శ్రీరంజనికి తెలిస్తే చుట్టాలందరికీ తెలిసినట్టే. అందుకే ఆమె దగ్గర మరీ నోరు కట్టేసుకున్నాను.

మొన్న ఊరి జాతరకు శ్రీరంజని వచ్చింది, గార్గీ వచ్చింది. జాతర అంటే మాకు ముత్యాలే. రామకృష్ణప్ప ఇంటి తెల్ల ఆడగుర్రం అది. మిగతా రోజుల్లో పెళ్లికొడుకులను మోస్తుంది, జాతర రోజు మాత్రం పల్లకీ ముందు నడుస్తుంది. పల్లకీ గుడికి తిరిగొచ్చాక మొదటి ఓళిగ, అదే బొబ్బట్టు, నైవేద్యంలోంచి మా ఇంటివాళ్లు పెట్టాలి, తర్వాత ఇంటింటివాళ్లూ ఒక్కొక్కటి. ముత్యాలు ఎవరి చేతిలోది తింటే వాళ్లింట్లో ఆ ఏడాదంతా మంచి జరుగుతుందని నమ్మకం. పాపం, అది ఎవరినీ నొప్పించదు. అందరి చేతుల్లోదీ తింటుంది. ఈసారి కొత్తగా ఇళ్లు కట్టుకున్నవాళ్లు కూడా వరసలో నిలబడ్డారు.

ముందురోజే గార్గి నాతో అంది. "అమ్మా, గుర్రానికి ఓళిగలు పెట్టొద్దని నాయనకు చెప్పు. శెనగబ్యాళ్లు, బెల్లం అంతంత తింటే తట్టుకోలేదు."

నాకు మండింది. "దేవునికి పెట్టింది ఎవురికీ కీడు చెయ్యదు. నీ చదువు నీ కాలేజీలో పెట్టుకో పో," అన్నాను.

జాతర ముగిసి, భోజనాలు కాగానే రామకృష్ణప్ప రొప్పుతూ మా గుమ్మం ముందుకొచ్చాడు. "పాపా, బిరీన రా. ముత్యాలు పడుకుంటాది, లేస్తాది, కాలితో నేల గోకతాండాది. తిరిగి తిరిగి కడుపుపక్కే చూస్తాండాది."

గార్గి సంచీ తీసుకుని పరిగెత్తింది. వెనకే నేను, నా వెనక శ్రీరంజని. కొట్టం ముందు ముత్యాలు చెమటతో తడిసి నిలబడి ఉంది. గార్గి దాని డొక్కకు స్టెతస్కోపు పెట్టి వింది. ఇటుపక్క పైన, కింద, అటుపక్క పైన, కింద. ఆమె మొహంలో నెత్తురు లేకుండా పోయింది.

"గుర్రం కడుపు ఒక్క గడియ కూడా ఊరికే ఉండదప్పా. మోగతానే ఉండాల. ఇప్పుడు ఏమీ ఇనిపించలేదు."

"కక్కేస్తే పోతాది గదమ్మా," అంది రామకృష్ణప్ప తల్లి మునిలక్ష్మమ్మ.

"గుర్రాలు కక్కలేవవ్వా. లోపలికి పోయింది నోటి గుండా వెనక్కి రాదు. ఉబ్బి ఉబ్బి పొట్ట పగిలిపోతాది, అంతే."

పెళ్లికొడుకునీ, వాడి పూలదండల్నీ, వాడి టెక్కునీ అంతా మోసే ఇంత జీవికి, తిన్నది కక్కుకునే దారి దేవుడు పెట్టలేదా? ఎవరు ఏది పెట్టినా నమ్మి మింగడమేనా? దాని కడుపులో ఉన్నవాటిలో మొదటిది నా చేత్తో ఒత్తిన ఓళిగ. నాకు భయం వేసింది.

"లారీలో వేసుకుని బెంగళూరికి పోదామా?" అన్నాడు రామకృష్ణప్ప.

"ఇట్లనే ఎక్కిస్తే దావలోనే పోతాది. ముందు పొట్టలో బిగువు తియ్యాల. తల గట్టిగా పట్టుకోప్పా."

సంచీలోంచి బారెడు కంటే పొడుగున్న గొట్టం తీసింది. దాన్ని ముక్కులోంచి పొట్టదాకా పంపాలట. రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి. చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక అడుగు వెనక్కి వేశారు. గార్గి నావైపు చూసింది.

"అమ్మా, పట్టుకో."

"వదినా, మడి!" అంది శ్రీరంజని.

నిజమే, పొద్దుట్నుంచీ ఎవరినీ తాకలేదు నేను. సాయంత్రం మళ్లీ నైవేద్యం వండాలి. కానీ నా చేయి అప్పటికే గొట్టం మీద ఉంది.

గార్గి గొట్టాన్ని కొద్దికొద్దిగా లోపలికి పంపుతూ, గుర్రం మింగేదాకా ఆగుతూ, మెడ ఎడమపక్క వేళ్లతో తడిమి చూసుకుంది. "దారి తప్పితే ఊపిరితిత్తుల్లోకి పోతాది," అంది మెల్లగా, తనకు తాను చెప్పుకున్నట్టు. చిన్నప్పుడు సూదిలో దారం ఎక్కించమంటే విసిరికొట్టిన పిల్ల ఇది. ఆ వేళ్ల ఓర్పు ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలియదు.

ఉన్నట్టుండి నా చేతిలోని కొసనుంచి బుస్సుమని గాలి వచ్చింది. పులిసిన బెల్లం, యాలకుల వాసన. నా వంటింటి వాసన! తల తిప్పుకోబోయి ఆగిపోయాను. నేను చేసిందే కదా, నేనే పీల్చాలి అనుకున్నాను. గార్గి నీళ్లు పోసింది, గొట్టం దించమంది. బకెట్‌లోకి పచ్చగా పూర్ణం కారింది. మళ్లీ పోసింది, మళ్లీ దించాను. బకెట్లు మారుతున్నాయి, నా చీర మోకాళ్లదాకా తడిసిపోయింది.

చివరికి గొట్టం తీసి నొప్పికి సూది వేసింది. "ఎవురూ ఏమీ పెట్టొద్దండి. గడ్డి పోచ గూడా వద్దు. మెల్లగా నడిపిద్దాం."

రామకృష్ణప్ప నడిపించాడు. గుడినుంచి మావారు మురళీధర వచ్చి ఓ పక్కన నిలబడ్డారు. జాతర జనం అంతా అక్కడే చేరారు. గార్గి మధ్యమధ్య గుర్రాన్ని ఆపి వింటుంది, తల అడ్డంగా ఊపుతుంది. అలా ఊపినప్పుడల్లా మునిలక్ష్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంటోంది. ఎండ కొట్టం గోడ దిగిపోయింది.

ఒకసారి గార్గి స్టెతస్కోపు ఆనించి, ఇక కదల్లేదు. కళ్లనుంచి నీళ్లు జారాయి. ముత్యాలు ఇక దక్కదనుకున్నాను.

"అమ్మా, ఇట్ల రా," అని స్టెతస్కోపు తీసి నా చెవుల్లో పెట్టింది.

మొదట ఏమీ లేదు. తర్వాత ఎక్కడో లోతున గుడగుడమంది. అది దగ్గరికొచ్చింది, పెద్దదైంది, మా పెరట్లోని రుబ్బురోలు తిరిగినట్టు దొర్లుకుంటూ సాగిపోయింది. ఇన్నేళ్లూ దీని నుదుట కుంకుమ పెట్టాను, మెడలో పూలు వేశాను. లోపల ఇంత పెద్ద లోకం నడుస్తోందని ఒక్కరోజైనా అనుకోలేదు.

గార్గి స్టెతస్కోపు కొసను ముందుకాలి వెనక్కి జరిపింది. గుండె ధన్‌మని కొట్టింది, ఊరుకుంది. నేను ఎదురుచూశాను. మళ్లీ కొట్టింది.

"ఇంత నిదానమా?"

"ఇందాక దడదడమని కొట్టుకునిందమ్మా. నిదానించిందంటే నొప్పి తగ్గినట్టే."

ఆ మాట అంటుండగానే ముత్యాలు తోక ఎత్తింది. నేల మీద లద్దె పడింది. గార్గి ఒక్క అరుపు అరిచింది, "బతికింది!" రామకృష్ణప్ప గుర్రం మెడ పట్టుకుని ఏడ్చాడు. వీధిలో పేడ కనిపిస్తే చుట్టు తిరిగి నడిచే మావారు, ఆ లద్దెకు ఎదురుగా నిలబడి చేతులు జోడించారు. ఆయన్ను చూసి ఊరంతా జోడించింది. ఎవరూ నవ్వలేదు.

శ్రీరంజని నా పక్కకు వచ్చింది. "వదినా, పాప ఏం డాక్టరు?"

"గుర్రాల డాక్టరు," అన్నాను, ఊరికంతటికీ వినపడేలా. "పీజీ చేస్తాండాది."

ఆమె కాసేపు గుర్రాన్నీ, గార్గినీ మార్చి మార్చి చూసింది. తర్వాత నా చెవుల్లోని స్టెతస్కోపు కోసం చేయి చాచింది. "నాకూ ఒకసారి ఇయ్యి వదినా."

"ఉండు శ్రీరంజనీ," అన్నాను. "నేనింకా ఇంటాండాను."